జాబితాలో లేని గొంతు

నేను ఒట్టు వేయను. ఇలాంటివి చెప్పేవాళ్ళు ముందు బిడ్డల మీద ఒట్టేస్తారు, ఆ తర్వాత నోటికొచ్చింది చెబుతారు. నాకా అలవాటు లేదు. ఇది జరిగింది. నాకే జరిగింది. మా ఆయన పక్కనే ఉన్నాడు. మా నాయన కూడా ఉన్నాడు... ఆయన ఎక్కడున్నాడో తర్వాత చెబుతాను. నమ్మితే వినండి, లేదంటే అటు తిరిగి పడుకోండి.

ఇంకో మాట. నాకు దయ్యాల భయం లేదు. అమావాస్య నాడు శ్మశానం పక్క నుంచి కట్టెలు మోసుకొచ్చిన మనిషిని. నాకు భయమల్లా తేలంటేనే. అందుకే ఆ రాత్రి సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకే చిన్నతనంగా ఉంటుంది.

మా ఆయన పేరు మద్దిలేటి. అనంతపురం పాతూరులో రేడియో, టీవీ రిపేరు అంగడి. నేను చెప్పేది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. సెల్ ఫోన్లు అప్పటికి డబ్బున్నవాళ్ళ చొక్కా జేబుల్లోనే ఉండేవి. ఆయన స్పేర్ పార్టుల కోసం బెంగుళూరు పోయేవాడు. ఒకసారి పోయి, పార్టులు మరిచిపోయి, పాత సామాన్ల సంతలో నుంచి అరచేతి కంటే కొంచెం పెద్దదైన ఒక నల్ల పెట్టె తెచ్చాడు. దానికి మూరెడు తీగ.

"ఇదేం పెట్టె?" అన్నాను.

"స్కానర్ అంటారు. గాల్లో పోయే మాటల్ని ఎతుక్కుంటా పోతాది. యాడ మాట దొరికితే ఆడ నిలబడతాది."

"పాటలొస్తాయా?"

"పాటలు రావు. పోలీసోళ్ళు వస్తారు."

ఇంటికి పోలీసులు రాకుండా ఉండాలని జనం మొక్కుకుంటారు. ఈయన దుడ్లు పెట్టి తెచ్చుకున్నాడు. తప్పు కదా అని అడిగితే, మాట్లాడితే తప్పు గానీ వింటే తప్పేముంది అన్నాడు. వినడం కూడా తప్పేనని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆయనలాంటి పిచ్చోళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళ మధ్య ఒక జిరాక్సు కాగితం తిరిగేది. కంట్రోల్ రూము ఏ నంబరు మీద మాట్లాడుతుంది, ట్రాఫిక్ వాళ్ళు ఏ నంబరు మీద, అన్నీ అందులో ఉండేవి. మా ఆయనకు మాత్రం ఆ కాగితంలో ఉన్నవాటి మీద మనసు లేదు. లేనివే కావాలి. ఇంట్లో ఉన్న కూర వదిలేసి పక్కింటి పులుసు మీద మనసు పడేవాళ్ళుంటారే... అలాగ.

లేనివి పట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక కిటుకుంది. పెట్టె తీగ పీకేస్తాడు. తీగ లేకపోతే దూరం మాటలు రావు, పక్కనున్నవే వస్తాయి. పెట్టెను సంచిలో వేసుకుని, చెవిలో చిన్న వైరు పెట్టుకుని, పోలీసు జీపు ఆగిన చోట నిలబడతాడు. జీపులో కానిస్టేబులు మైకు నొక్కగానే పెట్టె ఆ నంబరు దగ్గర ఆగుతుంది. దొరికినట్టే.

జీపు కనిపించకుండా దగ్గరలో ఎక్కడో ఉందనుకోండి, దానికీ ఒక పద్ధతి. పెట్టెను రొమ్ముకు ఆనించుకుని, ఉన్నచోటనే మెల్లగా గుండ్రంగా తిరుగుతాడు. మన ఒళ్ళు అడ్డమొచ్చినప్పుడు గొంతు సన్నబడుతుంది. ఎటు వీపు పెడితే సన్నబడిందో, జీపు అటువైపు ఉన్నట్టు. నడిరోడ్డు మీద మగమనిషి అట్లా తిరుగుతుంటే జనం తాగాడనుకునేవాళ్ళు. అందుకని నన్ను వెంట తీసుకుపోయేవాడు. పెళ్ళాం పక్కనుంటే అనుమానం రాదట. ఆయన జీపు పక్కన పోలీసుల్ని వినేవాడు, నేను బండి పక్కన మిరపకాయ బజ్జీలు తినేదాన్ని. అందరూ మొగుడితో సినిమాకు పోతే నేను పోలీసు జీపు దగ్గరికి పోయాను. నిజం చెప్పాలంటే నాకవి మంచి రోజులు.

ఏమైనా గొప్ప రహస్యాలు విన్నామా అంటే, ఏమీ లేదు. "సార్, డీజిల్ అయిపోయింది సార్." "గేదెలు రోడ్డు మీద పండుకోనుండాయి సార్, లెయ్యడం లే." అంతే. కానీ కొత్త నంబరు దొరికిన రోజు ఆయన మొహం చూడాలి... ఆ మొహం కోసమే నేను ఇంకో ప్లేటు బజ్జీలు తినేదాన్ని.

ఇప్పుడు మా నాయన సంగతి. మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. మా నాయన ఓబన్న అంటే అక్కడ అందరికీ తెలుసు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు జడలు వేసింది, చద్దన్నం మూట కట్టింది, పెద్దమనిషినైనప్పుడు పక్కింటి అవ్వను బతిమాలి పిలుచుకొచ్చింది అన్నీ నాయనే. ఆయన వేసే జడ ఎప్పుడూ ఒక పక్కకు పోయేది. బడిలో నవ్వేవాళ్ళు. నేను మాత్రం విప్పి వేసుకునేదాన్ని కాదు. నాకు ఉన్నది ఆయనొక్కడే. ఇది మీకు గుర్తుండాలి, ఎందుకంటే మిగతా కథ అంతా ఆయన గురించే.

ఆ ఏడు వానలు పడ్డాయి. మా వైపు అదే పెద్ద వార్త. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేను నిండా కాయ దిగింది. నాయన కబురు పంపాడు... చేను పీకక ముందే వచ్చి చూసి పోండి అని. ఒక సాయంత్రం స్కూటర్ మీద పోయాము. మా ఆయన సంచిలో పెట్టె ఉండనే ఉంది.

కాయ పండితే మా వైపు అడవి పందులతో తంటా. కొండల్లో నుంచి రాత్రిపూట గుంపుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో చేనంతా తవ్వి పోస్తాయి. అందుకని పీకే దాకా రైతులు చేలల్లో మంచెలు వేసుకుని కాపలా పడుకుంటారు. ప్రతి మంచెకు ఒక రేకు డబ్బా. ఒక చేనివాడు కొడితే పక్క చేనివాడు బదులు కొట్టాలి, వాడికి ఆ పక్కవాడు. అట్లా డబ్బా మోత చేలన్నీ చుట్టి వస్తుంది. పందులు బెదరడానికి ఒక్కటే కాదు అది. ఏ డబ్బా అయినా పలకలేదంటే పక్కవాళ్ళు లాంతరు పట్టుకుని వచ్చి చూస్తారు. పాము కరిచిందో, జ్వరం వచ్చిందో, ఊరికే నిద్ర పట్టిందో.

ఇంకొక ఆచారం ఉంది. అల్లుడు ఇంటికొచ్చిన రాత్రి మామ కాపలాకు పోడు. పోతే అల్లుణ్ణి గాలికి వదిలేశాడని ఊరంతా ఆడిపోసుకుంటుంది. ఆ రాత్రికి ఆ చేను కూడా పక్క చేనివాళ్ళే చూసుకుంటారు.

నాయన నాటుకోడి కోశాడు, సంకటి కెలికాడు. మా ఆయన పీకల దాకా తిన్నాడు. తిన్నాక పెట్టె తీసి నాయనకు వినిపించాడు. తాడిపత్రి వైపు ఎవరో కానిస్టేబులు, తనకు ఇంకా అన్నం రాలేదని పై ఆఫీసరుతో మొర పెట్టుకుంటున్నాడు. నాయన పడీ పడీ నవ్వాడు.

"పాపం, వానికి ఒక ముద్ద సంకటి పంపిద్దామా అల్లుడా."

"మామా, రాత్రికి కాపలాకు నేను కూడా వస్తా. మంచె మీద నుంచైతే ఇంకా బాగా వినపడతాది."

"ఈ రాత్రికి కాపలా లేదు, ఏం లేదు. గంగన్న మన చేను చూసుకుంటాడు. మిద్దె మీద గాలి బాగుంటాది, పోయి పండుకోండి. నేను అరుగు మీద పండుకుంటా."

గంగన్న మామ మా పక్క చేనాయన. నాయన అంత నమ్మకంగా చెప్పేసరికి నేను పడక తీసుకుని మిద్దె ఎక్కాను. పడుకోగానే నిద్ర పట్టింది.

మా ఆయన నన్ను తట్టి లేపేసరికి ఎంత రాత్రయిందో తెలియదు. చీకటి. చంద్రుడు లేడు. ఊరంతా మాటుమణిగింది. ఆయన పెట్టెను నా చెవి దగ్గర పెట్టాడు.

"జయా, ఇది విను. కాగితంలో లేని నంబరు."

మొదట సుయ్యిమని ఒక్క హోరు. విసుక్కుని పక్కకు తిరగబోయాను. అప్పుడు వచ్చింది.

"...ఉండావా?"

మగ గొంతు. వయసైన గొంతు. బొంగురుగా ఉంది. తొందర లేదు, కోపం లేదు.

హోరు... హోరు... చాలాసేపు హోరు.

"...ఉండావా? పలుకు."

ఎవరూ పలకలేదు. మళ్ళీ హోరు. నేను లేచి కూర్చున్నాను.

"పోలీసోళ్ళు మాట చివర ఓవర్ అంటారు కదా. ఈయన అనలేదే?"

"రహస్యంగా కాపు కాసేటోళ్ళు ఇట్లే మాట్లాడుకుంటారు. కొండ మీద ఎవురో ఉండారు. కింద ఇంకొకడు ఉండాల. వాడు నిద్రపోయినట్టుండాడు, వీడు పిలుస్తాండాడు." మా ఆయన గొంతులో పండగ.

నాకు పండగ అనిపించలేదు. ఆ పిలుపులో ఏదో ఉంది. పై ఆఫీసరు కింది వాణ్ణి అట్లా పిలవడు. జ్వరం వచ్చిన బిడ్డ తల దగ్గర కూర్చుని మెల్లగా పలకరిస్తారు చూడండి, అట్లా ఉంది.

ఆయన తీగ పీకాడు.

గొంతు తగ్గలేదు.

ఆయన నంబరు మార్చి, ఇందాకటి తాడిపత్రి పోలీసుల నంబరు పెట్టాడు. తీగ లేదు కదా... ఏమీ రాలేదు. తీగ పెడితే ఎవరో బీటు గురించి మాట్లాడుతున్నారు. మళ్ళీ తీగ పీకి కొత్త నంబరుకు వచ్చాడు.

"...ఉండావా?"

పక్కింటి మిద్దె మీద నుంచి మాట్లాడినంత బాగా వినిపించింది.

"దగ్గర్లోనే ఉండారు," అన్నాడు ఆయన మెల్లగా. "చేలల్లో యాడో జీపు పెట్టినారు. పోయి చూసొద్దాం రా."

"అర్ధరాత్రి పోలీసు జీపు ఎతుక్కుంటా పోతావా? నీకేమన్నా మతి ఉండాదా? మా నాయన లేస్తే నన్ను అంటాడు."

అంటూనే మిద్దె అంచు నుంచి కిందికి చూశాను. అరుగు మీద చాప ఉంది. నాయన లేడు. ఆయన కంబళి లేదు. గోడకు ఆనించిన కట్టె కూడా లేదు.

నాకు ఒళ్ళు మండింది. మమ్మల్ని నిద్రపుచ్చి చేనికి పోయాడన్నమాట. ఎన్నో ఏళ్ళకు ఒకసారి పండిన చేను మరి. పక్కవాణ్ణి నమ్మి వదలడానికి మనసు ఒప్పుకుని ఉండదు. పోయి నాలుగు తిట్టి పిలుచుకొద్దామని నేనూ లేచాను. మా ఆయనకు జీపు కావాలి, నాకు నాయన కావాలి. దారి ఒక్కటే.

ఊరు దాటగానే డబ్బాల మోత వినిపించింది. దూరంగా ఒకటి... దానికి బదులు ఒకటి... ఇంకొంచెం దగ్గరగా ఇంకొకటి. తర్వాత మా చేని వంతు. అక్కడ ఏమీ మోగలేదు. దాన్ని దాటి అవతల చేనిలో మోగింది. నోట్లో ఒక పన్ను ఊడిపోయినట్టు అక్కడొక్కచోట ఖాళీ. కాపలాకు పోయినవాడు డబ్బా ఎందుకు కొట్టడం లేదా అనుకున్నాను. దొంగతనంగా పోయాడు కదా, ఊరికి తెలియకూడదని కొట్టడం లేదులే అని నేనే సర్దుకున్నాను.

చేనికి పోయాము. మంచె దగ్గర టార్చి వేశాడు మా ఆయన. పైన కంబళి పరిచి ఉంది. డబ్బా వేలాడుతోంది. మంచె కింద నాయన చెప్పులు.

నాయన లేడు.

"నాయనా," అని పిలిచాను. కీచురాళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టాయి. "నాయనా..." గొంతు పెంచి పిలిచాను. ఏమీ లేదు. చెనిక్కాయ ఆకు మీద మంచు పడి తడి వాసన వస్తోంది. చెప్పులు ఇక్కడున్నాయి. మనిషి చెప్పుల్లేకుండా ఎక్కడికి పోయాడు? చెప్పాను కదా, నాకు ఉన్నది ఆయనొక్కడే.

మా ఆయన సంచిలో నుంచి...

"...ఉండావా? పలుకు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఆ పెట్టె ఆపుతావా లేదా? మా నాయన కనపడక నేను చస్తాంటే నీకు పోలీసోళ్ళు కావాల్నా?"

ఆయన నా మీద కోప్పడలేదు. నా చేయి పట్టుకున్నాడు. ఆయన చేయి కూడా చల్లగా ఉంది.

"జయా, విను. వాళ్ళు దగ్గర్లోనే ఉండారు. జీపు ఉంటాది, లైట్లు ఉంటాయి. మామను ఎతకాలన్నా, యాడికన్నా తీసకపోవాలన్నా మనకు వాళ్ళే దిక్కు. నాలుగడుగులు పోయి చూద్దాం. దొరకలేదంటే గంగన్నను లేపుదాం."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి తన సరదా కోసం అడగడం లేదు.

ఆయన పెట్టెను రొమ్ముకు ఆనించుకున్నాడు. గొంతు వచ్చినప్పుడల్లా మెల్లగా తిరిగాడు. ఉండావా... తిరిగాడు. పలుకు... ఇంకొంచెం తిరిగాడు. వీపు కొండవైపు పెట్టినప్పుడు గొంతు సన్నబడింది. కొండవైపు నడిచాము. ఆగాము. మళ్ళీ తిరిగాడు. కొంచెం ఎడమకు. నడిచాము. చెనిక్కాయ తీగెలు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. ఒకచోట నేల అంతా తవ్వి పోసి ఉంది. కాయలు చెల్లాచెదురుగా పడున్నాయి. పందులు వచ్చి పోయాయి.

టార్చి బ్యాటరీ అయిపోవస్తోంది. ఎర్రగా మిణుకుమంటోంది. దాచుకుందామని ఆయన ఆర్పేశాడు. చీకట్లోనే నడిచాము. జీపు లేదు. లైటు లేదు. ఇంజను చప్పుడు లేదు. పెట్రోలు వాసన కూడా లేదు. కానీ గొంతు... ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం దగ్గరగా.

ఒకచోట ఆగి ఆయన మళ్ళీ తిరిగాడు.

"...ఉండావా?"

కొండవైపు వీపు పెట్టాడు. తగ్గలేదు. ఊరివైపు పెట్టాడు. తగ్గలేదు. గుండ్రంగా మొత్తం తిరిగాడు. ఎటు తిరిగినా ఒక్కటే మాదిరి.

ఆయన కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఎటుపక్కా తగ్గడంలే జయా."

"అంటే?"

"అంటే... మనం దాని పైనే నిలబడినాం."

నేను ఒక అడుగు ముందుకు వేయబోయాను. ఆయన నా కొంగు పట్టి లాగాడు. టార్చి వేశాడు. ఎర్రటి వెలుగు. నా కాలి ముందు జానెడు నేల ఉంది. ఆ తర్వాత నేల లేదు.

ఎండు బావి. మా తాత కాలం నాటిది. బోర్లు వచ్చాక అందులో నీళ్ళు చూసినవాళ్ళు లేరు. చుట్టూ గోడ లేదు, కంపచెట్లు మొలిచి అంచు కనబడదు. ఆ చేనిలో పుట్టి పెరిగిన నేను దాని సంగతే మరిచిపోయాను.

పెట్టెలో హోరు. అంతలో గొంతు వచ్చింది.

"...ఉండావా?"

బావిలో నుంచి... సన్నగా... మట్టి కింద నుంచి వచ్చినట్టు...

"ఉండా."

అది మా నాయన గొంతు.

ఆ మాట వినిపించగానే పెట్టెలో హోరు తెగిపోయింది. టక్కుమని స్కానర్ ఆ నంబరు వదిలేసి, దాని పాటికి అది మిగతా నంబర్ల మీద పరుగు మొదలుపెట్టింది. మా ఆయన మీట ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ముట్టుకోలేదు.

తర్వాత జరిగిందంతా పరుగే. ఆయన బావి అంచున బోర్లా పడుకుని "మామా, మేము వచ్చినాం, కదలాకు" అని మాట్లాడుతూనే ఉన్నాడు. నేను మంచె దగ్గరికి పరిగెత్తి డబ్బా అందుకున్నాను. ఆపకుండా, తెంపు లేకుండా కొట్టాను. అట్లా కొడితే ఆపద అని అందరికీ తెలుసు. గంగన్న మామ, ఇంకొందరు లాంతర్లతో వచ్చారు. నులక మంచానికి మోకులు కట్టి దింపారు. నాయనను పైకి తెచ్చేసరికి ఆయన పంచె అంతా రక్తం. తొడ ఎముక విరిగింది, తల పగిలింది. ట్రాక్టరులో గడ్డి పరిచి ఆసుపత్రికి తీసుకుపోయాము.

దారి పొడవునా గంగన్న మామ తల కొట్టుకుంటూనే ఉన్నాడు.

"అల్లుడొచ్చినాడు, ఓబన్న ఇంట్లో ఉంటాడు అనుకుంటిమమ్మా. డబ్బా పలక్కపోతే ఏ రాత్రయినా పోయి చూస్తుంటిమి. ఈ రాత్రే చూడ్లేదు. మీరు ఆ పక్కకు పోకపోయింటే తెల్లార్నా ఎవురూ పోయి చూసేటోళ్ళు కాదు."

ఆయన తప్పేమీ లేదు. ఆచారం ప్రకారం ఆ రాత్రి ఆ మంచె మీద మనిషి ఉండకూడదు. ఉండకూడని మనిషి కోసం ఎవరు వెతుకుతారు? డాక్టరు కూడా అదే అన్నాడు... తెల్లారే దాకా అక్కడే పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదని.

మా ఆయన ఆ తర్వాత ఎంత వెతికాడో చెప్పలేను. ఆ నంబరు మీద రోజుల తరబడి పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. హోరు తప్ప ఏమీ లేదు. ఆయన అంగడికి టేప్ రికార్డరు రిపేరుకు వచ్చే వైర్‌లెస్ కానిస్టేబులు ఒకాయన ఉండేవాడు. ధైర్యం చేసి జరిగిందంతా చెప్పి ఆయన్నే అడిగాడు. ఆయన చుట్టూ చూసి అన్నాడు...

"మద్దిలేటి, ఫస్టు నువ్వు ఇది విన్న్యావని నేను వినలే. రెండోది, ఆ నంబరు మా డిపార్ట్‌మెంటుది కాదు. ఫారెస్టోళ్ళది కూడా కాదు. ఆ రాత్రి ఆ పక్క మా పార్టీ ఏదీ లేదు."

"మరి ఎవురిది అన్నా?"

"నన్ను అడిగితే నాకేం తెల్సు? ఎవురన్నా దొంగ సెట్టు పెట్టుకున్యారేమో. అయినా బావిలో సెట్టు పెట్టి మాట్లాడినా సిగ్నలు పైకి రాదు కదప్పా. మట్టి మింగేస్తాది. నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. అదే ఆయన్ని తినేసింది. కొండకు తగిలి తిరిగొచ్చిందేమో అన్నాడు ఒకరోజు. పెట్టెలోనే ఏదో లోపమేమో అని ఇంకోరోజు విప్పి చూశాడు. లోపం లేదు. మళ్ళీ బిగించాడు. ఆ పెట్టెను అంతకుముందు ఎన్నిసార్లు తిట్టానో, ఆ తర్వాత ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఇంతవరకే అయితే నేను కూడా దొంగ సెట్టే అనుకుని మరిచిపోయేదాన్ని. మనిషి దక్కాడు, అది చాలు కదా. కానీ ఆసుపత్రిలో ఇంకొకటి జరిగింది. అది మా ఆయనకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

నాయనకు కాలికి కట్టు కట్టి పడుకోబెట్టారు. నేను పాలు తాగిస్తున్నాను. ఆయన నా మొహమే చూస్తూ ఉన్నాడు. మెల్లగా అంతా చెప్పాడు. పందులు వచ్చాయట. డబ్బా అందుకునే తీరిక లేక, చెప్పులైనా వేసుకోకుండా కట్టె పట్టుకుని తరిమాడట. అవి కంపల్లోకి దూరాయి, ఈయన బావిలోకి. పడ్డాక కాలు కదల్లేదు. ఎంత అరిచినా గొంతు పైకి పోలేదు. కాసేపటికి చలి, దాని వెనకనే నిద్ర ముంచుకొచ్చాయట.

"ఆ నిద్రలో పోయింటే పోయినట్టేనమ్మా," అన్నాడు. "నువ్వు పోనియ్యలే."

నాకు అర్థం కాలేదు. "నేనేం చేసినా నాయనా?"

"పిలుస్తానే ఉంటివి కదా. కన్ను మూసినప్పుడల్లా ఉండావా, ఉండావా, పలుకు అని. నేను ఉండా అంటాంటి. మళ్ళా కన్ను మూస్తే మళ్ళా పిలుస్తాంటివి. ఎంత కోపమొచ్చిందో తెల్సునా? ఈ పిల్ల నన్ను రోంతసేపు పండుకోనీదే అని."

తాగించబోయిన పాలగ్లాసు వెనక్కి తీసుకున్నాను.

"ఎప్పటి నుంచి నాయనా?"

"పడినప్పటి నుంచీ. పడిన కాడి నుంచి నువ్వు ఆ అంచు మీదనే కూర్చోనుంటివి కదా."

ఆయన పడినప్పుడు నేను మిద్దె మీద నిద్రలో ఉన్నాను. ఆ మాట నేను ఆ రాత్రి ఒక్కసారి కూడా అనలేదు. నాయనా, నాయనా అని మాత్రమే పిలిచాను, అది కూడా మంచె దగ్గర. ఆ పెట్టెలో నేను విన్నది ముసలి మగ గొంతు. మా ఆయన విన్నదీ అదే. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాడు.

"నా గొంతేనా నాయనా? బాగా తెలిసిందా నీకు?"

నాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"నిన్ను పెంచింది నేను కాదా. నీ గొంతు నాకు తెలీదా?"

నేను గ్లాసు పక్కన పెట్టాను. ఆయన నుదుటి మీద చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. బతికున్న మనిషి వెచ్చదనం.

"ఔ నాయనా," అన్నాను. "నేనే."

ఆయన సంతోషంగా కళ్ళు మూసుకున్నాడు. నేను ఆ మంచం పక్కన కూర్చుని, ఆయన ఊపిరి వింటూ, తెల్లారే దాకా మేలుకునే ఉన్నాను. నేను కాదని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలంటే, నేను కాదని ముందు నాకు గట్టిగా తెలియాలి కదా... తెలియదు.